వెనక బండిలో కూర్చునేది ఎవరు?

హైదరాబాద్–విజయవాడ హైవే మీద, సూర్యాపేట దగ్గర సర్వీసు రోడ్డు పక్కన మా మెకానిక్ షెడ్డు. దారిలో కారు ఆగిపోయి ఫోను చేసేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే. "అన్నా, తాడు కట్టి గుంజుకొస్తే పోలీసోళ్లు పట్టుకుంటరా?" పట్టుకోరు, తీసుకురావచ్చు అంటాను. వెంటనే నేనూ ఒకటి అడుగుతాను. "వెనక బండిల ఎవరు కూసుంటున్నరు?" దానికి వచ్చే జవాబులు ఇన్నేళ్లుగా వింటున్నాను. మా బావమరిది కూర్చుంటాడు, వాడికి డ్రైవింగ్ కొద్దికొద్దిగా వచ్చు. మా నాన్న కూర్చుంటాడు, స్టీరింగు పట్టుకుంటే చాలు కదా. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, చెబితే అర్థం చేసుకుంటాడు. కారు నడిపే మనిషి మాత్రం దారి చూపించడానికని లాగే బండిలో ముందు సీట్లో కూర్చుని వస్తాడు.

నేను చదివింది ఐటీఐ. చట్టాల పుస్తకాలు తిరగేసే అలవాటు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నిబంధన ఏమంటుందో పట్టుబట్టి తెలుసుకున్నాను. తాడు చివర వచ్చే బండిని దింపుకునేది మేమే కనుక. ఫ్యూయల్ పంపు పోయి ఆగిన కారుకు పంపు మారిస్తే పని అయిపోతుంది. అదే కారు తాడు మీద మా దగ్గరికి చేరేసరికి ముందు బంపరు ఊడి, రేడియేటరు చితికి ఉంటుంది. లోపల కూర్చున్న మనిషి దిగలేక దిగుతాడు, చేతులు వణుకుతుంటాయి. బండి సంగతి సరే, రేడియేటరు కొత్తది దొరుకుతుంది. ఆ వణికే చేతులు చూసినప్పుడల్లా దీని గురించి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి అనిపించేది.

తాడు కట్టి లాగడం మన దేశంలో నేరం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. వాటి స్థానంలో 2017లో మోటారు వెహికల్స్ డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి. నేనిక్కడ చెప్పేది 1989లో రాసిన నిబంధన గురించి, ఎందుకంటే టోయింగ్ ఎలా జరగాలో విడమరిచి, కొలతలతో సహా చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. మొదటి షరతు: చెడిపోయిన బండిని దగ్గరలోని గ్యారేజీ వరకో పెట్రోలు బంకు వరకో మాత్రమే లాగాలి. ఖమ్మంలో తెలిసిన మెకానిక్ ఉన్నాడని సూర్యాపేట నుంచి ఖమ్మం దాకా లాక్కుపోవడానికి అందులో చోటు లేదు. రెండో షరతు అసలైనది. లాగబడే బండి డ్రైవర్ సీట్లో, ఆ బండి నడపడానికి లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. అలా కుదరకపోతే ముందు చక్రాలను క్రేనుతో నేల నుంచి పైకెత్తి కదలకుండా బిగించాలి. రెండు బండ్ల మధ్య ఎడం ఎప్పుడూ ఐదు మీటర్లు దాటకూడదు. తాడైనా గొలుసైనా దారిన పోయేవాళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించాలి. వెనక బండి వెనకవైపు తెల్లటి పలక మీద, నల్లటి అక్షరాలతో, 75 మిల్లీమీటర్లకు తగ్గని ఎత్తులో 'ఆన్ టో' అని ఇంగ్లీషులో రాసి పెట్టాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు.

ఇందులో అర్థం కానిది ఏముంది? అయినా ఇన్నేళ్ల నా పనిలో ఆ పలక పెట్టుకుని వచ్చిన సొంత కారు ఒక్కటీ మా షెడ్డులోకి రాలేదు. పలక చేయడం ఎంత పని? ఏ4 కాగితం అడ్డంగా పెట్టి రెండు వరుసల్లో పెద్ద మార్కరుతో రాస్తే 75 మిల్లీమీటర్ల అక్షరాలు పడతాయి. వెనక అద్దానికి టేపు వేసి అంటిస్తే చాలు. జనం చేయకపోవడానికి బద్ధకం కారణం కాదని నాకు గట్టి నమ్మకం. అలాంటి నిబంధన ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వెనక బండి డ్రైవర్ సీటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. స్టీరింగు పట్టుకుంటే చాలు అనే పెద్దవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు నడిపిన బండ్లకు ఆ మాట చాలావరకు సరిపోయేది. పాత అంబాసిడర్‌కు పవర్ స్టీరింగు లేదు. ఇంజన్ నడుస్తున్నా ఆగినా స్టీరింగు బరువు ఒకటే. బ్రేకు కూడా మనిషి కాలి బలం మీదే పనిచేసేది. ఇంజన్ ఆగిన అంబాసిడర్‌ను తాడు కట్టి లాగితే, వెనక కూర్చున్నవాడి చేతిలో ఉన్నది రోజూ నడిపే బండే. కోల్‌కతా పక్కన ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మన ఇళ్లలో సలహా మాత్రం ఆ కాలం దగ్గరే నిలిచిపోయింది.

ఇప్పటి కారులో ఇంజన్ ఆగిందంటే మొత్తం మారిపోతుంది. బ్రేకుకు సాయం చేసే బూస్టరు ఇంజన్ ఇచ్చే గాలి లాగుడు మీద పనిచేస్తుంది. ఇంజన్ ఆగాక అందులో మిగిలిన బలం ఒకటి రెండు సార్లు తొక్కడానికి వస్తుంది. ఆ తర్వాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పూర్తిగా పోలేదు, కానీ పనిచేయాలంటే కాలి మీద ఒళ్లంతా బరువు వేసి తొక్కాలి. ఆ సంగతి తెలియని మనిషి మామూలుగా తొక్కి, బండి ఆగక, బ్రేకు ఫెయిలైందని హడలిపోతాడు. పవర్ స్టీరింగు కూడా అంతే. ఒంటి వేలితో తిప్పిన స్టీరింగును రెండు చేతులతో గుంజాల్సి వస్తుంది. ఇంటర్ చదివే పిల్లాడినీ, భుజం నొప్పి ఉన్న డెబ్బై ఏళ్ల మనిషినీ అక్కడ కూర్చోబెట్టడం ఎంత తప్పో ఆలోచించండి.

తాళం సంగతి ఇంకొకటి. ఇంజన్ ఎలాగూ నడవడం లేదు కదా అని తాళం తీసి జేబులో వేసుకునేవాళ్లు ఉన్నారు. తాళం తీస్తే చాలా కార్లలో స్టీరింగు లాక్ అయిపోతుంది. మొదటి మలుపులో తాడు ఒకవైపు లాగుతుంది, చక్రాలు తిరగవు. తాళం ఆన్‌లోనే ఉండాలి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో బ్యాటరీ పూర్తిగా పోతే స్టీరింగు లాక్ విడిపోకపోవచ్చు, కరెంటుతో పనిచేసే హ్యాండ్ బ్రేకు వదలకపోవచ్చు. అలాంటి బండికి తాడు ఆలోచనే వద్దు.

ఐదు మీటర్ల ఎడం గురించి ఒక లెక్క చెబుతాను. గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు ఏడు మీటర్లకు కాస్త తక్కువ. అంటే వెనక బండికి, ముందు బండికి మధ్య ముప్పావు సెకను మాత్రమే ఉంది. ముందు బండి బ్రేకు లైటు వెలిగింది చూసి, కాలు ఎత్తి పెడలు మీద పెట్టేలోపే ఆ ముప్పావు సెకను అయిపోతుంది. అందుకే వెనక కూర్చున్నవాడు ముందు బండి బ్రేకు లైటును నమ్ముకోకూడదు. ముందు బండి అద్దాల్లోంచి, దాని పక్కనుంచి, ఆ ముందున్న రోడ్డును చూడాలి. గుంతా, స్పీడు బ్రేకరూ, అడ్డం వచ్చే గేదే, అన్నీ ముందు డ్రైవర్‌తో పాటే కనిపెట్టాలి. ముందువాడు వేగం తగ్గిస్తాడని ఊహించి తానే ముందుగా మెల్లగా బ్రేకు వేయాలి. తాడు ఎప్పుడూ బిగుతుగా ఉంచే బాధ్యత వెనకవాడిదే. తాడు వదులై నేల మీద పడి, మళ్లీ ఒక్కసారిగా బిగిసినప్పుడే తెగుతుంది, లేదా కొక్కెం ఊడుతుంది. మామూలు డ్రైవింగ్ కంటే ఇది కష్టమైన పని. ఇద్దరిలో నేర్పున్న మనిషి వెనక కూర్చోవాలని నేను అనేది అందుకే. లాగే బండి డ్రైవర్‌కు పూర్తి బ్రేకు, పూర్తి స్టీరింగు, లైట్లు అన్నీ ఉన్నాయి. వెనకవాడికి సగం బ్రేకు, బరువెక్కిన స్టీరింగు, ముప్పావు సెకను.

వెనక కారులో ఆ డ్రైవర్ తప్ప ఇంకెవరూ ఉండకూడదన్నది నా మాట. చాలామంది ఏసీ బండి కదా, ఎండలో ఎక్కడ నిలబడతారని పిల్లలను వెనక సీట్లోనే ఉంచేస్తారు. ఇంజన్ ఆగిన బండిలో ఏసీ ఎక్కడిది? వాళ్లను లాగే బండిలోకి ఎక్కించండి, చోటు లేకపోతే ఆటో మాట్లాడి పంపండి.

తాడు దగ్గరికి వద్దాం. మా దగ్గరికి వచ్చిన బండ్లకు నేను చూసిన తాళ్లలో లారీ మీద టార్పాలిన్ కట్టే తాడు ఉంది, బావిలో బొక్కెన దించే చాంతాడు ఉంది, గేదెను కట్టే పలుపుతాడు ఉంది. ఒకసారి రెండు చీరలు పెనవేసి కట్టుకొచ్చారు. చిన్న కారు బరువే టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది, పెద్ద ఎస్‌యూవీ రెండు టన్నులకు వస్తుంది. అయినా తాడును తెంపేది ఈ బరువు కాదు, కుదుపు. ముడి వేసిన చోట తాడు బలం బాగా పడిపోతుంది, ఇనుప అంచుకు రాసుకుంటే ఇంకా పడిపోతుంది. టోయింగ్ కోసమే చేసిన పట్టీలు, రెండు చివర్ల కొక్కేలతో, స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు మీ బండి బరువు చెప్పి కొనండి. బిగిసిన తాడు తెగితే రెండు ముక్కలూ రెండు అద్దాల మీదికి వస్తాయి. మధ్యలో ఒక దళసరి గుడ్డ, ఎర్రటిదైతే మరీ మంచిది, తాడు మీద వేసి కట్టండి. తాడు తెగినా ఆ బరువుకు కిందికి పడుతుంది, చూసేవాళ్లకు తాడు ఉందని తెలుస్తుంది. తాడు కనిపించేలా చేయాలన్న షరతు కూడా దాంతో తీరిపోతుంది.

తాడు ఎక్కడ కట్టాలో చాలామందికి తెలియదు. బంపరుకు కడతారు. అది ప్లాస్టిక్కు, మొదటి కుదుపుకే చేతికొస్తుంది. కింద పడుకుని చేతికందిన ఇనుప ముక్కకు కడతారు. అది చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ అయితే అలైన్‌మెంటు పోతుంది. డిక్కీలో జాకీ పక్కన, పనిముట్ల సంచిలో ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. బంపరు మీద చిన్న మూత తీస్తే దానికి మర కనిపిస్తుంది. కొన్ని కంపెనీల కార్లలో ఆ మర ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. కుడివైపు తిప్పి తిప్పి, ఇది మన బండిది కాదని పక్కన పారేసినవాళ్లను చూశాను. కారు కొన్న రోజునే ఆ కొక్కెం తీసి ఒకసారి బిగించి చూసుకోండి.

ఇక బైకుల సంగతి. నాకు అన్నిటికన్నా భయం ఇదే. డివైడర్ మధ్య యూటర్న్ దగ్గర బైకు ఆగి ఉంటుంది. ముందు బండి దాటగానే, వెనక వచ్చే కారు ఇంకా దూరంగా ఉన్నట్టు అనిపించి, ఐదు మీటర్ల సందులోంచి బైకు దూరుతుంది. ఆ సందులో మోకాలి ఎత్తున తాడు ఉంది. పగలు గుడ్డ కట్టి ఉంటే కనిపిస్తుంది, రాత్రి ఏదీ కనిపించదు. పైగా బ్యాటరీ పోయి ఆగిన బండికి వెనక లైట్లే ఉండవు. రాత్రిపూట రోడ్డు మీద తాడు కట్టి లాగడాన్ని ఆ 1989 నిబంధన పేరుపెట్టి ఆపకపోయినా, మనమే ఆపుకోవాలి. బండి పక్కకు తోసి, ఎర్ర త్రిభుజం వెనక దూరంగా పెట్టి, మనుషులు రోడ్డుకు అవతల నిలబడి, తెల్లారేదాకో క్రేను వచ్చేదాకో ఆగడం మేలు.

హైవేల విషయంలో చట్టమే మారాలంటాను. నాలుగు వరుసల డివైడర్ రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లని 2018లో కేంద్రం ప్రకటించింది. ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120. 1989 నిబంధన ప్రకారం అదే రోడ్డు మీద లాగబడే బండి వేగం 24. వందలో వచ్చే కారు సెకనుకు 28 మీటర్లు వస్తుంది, తాడు మీది బండి ఏడు మీటర్లు పోతుంది. అంటే సెకనుకు 21 మీటర్ల చొప్పున మీద పడుతున్నట్టు. వంద మీటర్ల దూరం నుంచి చూసినా ఐదు సెకన్లలోపే దగ్గరికి వచ్చేస్తుంది. పోనీ వేగంగా లాగుదామా అంటే వెనకవాడి ముప్పావు సెకను ఇంకా తగ్గిపోతుంది. వేగాలు ఇంత తేడాగా ఉన్న రోడ్డు మీద తాడు ప్రయాణం సాగకూడదు.

జర్మనీలో దీనికి తేలికైన దారి చూపించారు. ఆటోబాన్ మీద ఆగిన బండిని లాగవచ్చు, కానీ వచ్చే మొదటి ఎగ్జిట్ దగ్గరే దిగిపోవాలి. వేరే చోట ఆగిన బండిని లాక్కుంటూ ఆటోబాన్ ఎక్కకూడదు. లాగే బండీ లాగబడే బండీ రెండూ నాలుగు ఇండికేటర్లు వేసుకోవాలి. మోటారు సైకిళ్లను అసలు లాగకూడదు. బ్రిటన్‌లో ఎడం 4.5 మీటర్లు దాటకూడదు, మీటరున్నర దాటిన తాడు స్పష్టంగా కనిపించాలి. కొలతల్లో మనకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. జర్మనీ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఆ ఎగ్జిట్ నియమం. నార్కట్‌పల్లి దాటాక ఆగిన కారును నకిరేకల్ సర్వీసు రోడ్డు వరకు లాగి దించవచ్చు. అక్కడి నుంచి హైవే మీద కోదాడ దాకా లాగడం కుదరదని చట్టంలో ఒక్క వాక్యం రాయాలి.

మోటారు సైకిళ్ల మాట వచ్చింది కనుక ఇది కూడా. పెట్రోలు అయిపోయిన బండిని వెనకనుంచి ఇంకో బండివాడు ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి తోసుకుపోవడం మన ఊళ్లలో రోజూ కనిపిస్తుంది. ఆటోవాళ్లూ ఒకరినొకరు అలాగే తోసుకుంటారు. స్నేహంతో చేసే పనే. కానీ గుంతలో ఒక చక్రం దిగితే ఇద్దరూ పడతారు, వెనకవాడి కాలు ఇరుక్కుంటుంది. బంకు వరకు నడిపించుకుపోండి.

తాడు పద్ధతిని పూర్తిగా నిషేధించాలని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చివ్వెంల దగ్గర పల్లెలో ఆగిన కారుకు రికవరీ వ్యాను రావాలంటే ఎంతసేపు పడుతుందో, ఎంత అడుగుతారో నాకు తెలుసు. పొలం నుంచి వచ్చే ట్రాక్టరు అతను తాడు కట్టి రోడ్డెక్కిస్తాడు, డబ్బు ఇస్తే తీసుకోడు. చాయ్ తాగించమంటాడు. నన్నడిగితే లాగడానికి ట్రాక్టరే మంచిది. వేగం దానికదే తక్కువగా ఉంటుంది, బలం ఉంటుంది, కుదుపు లేకుండా కదులుతుంది. ఊరి రోడ్డు మీద, పగలు, పక్క ఊరి మెకానిక్ వరకు తాడు కట్టి లాగడం మంచి సాయమే. దాన్ని పోగొట్టుకోవద్దు.

తాడు కట్టకూడని బండ్లు మాత్రం ఉన్నాయి, వాటి యజమానులు ఇది జాగ్రత్తగా చదవాలి. ఆటోమేటిక్ గేరు బండ్లలో చాలావాటికి గేర్ బాక్సులో నూనె తిప్పే పంపు ఇంజన్‌తో నడుస్తుంది. ఇంజన్ ఆగి చక్రాలు తిరుగుతూ ఉంటే లోపలి పళ్లు, ప్లేట్లు నూనె లేకుండా రాసుకుంటాయి. న్యూట్రల్‌లో పెట్టాం కదా అంటే చాలదు. చిన్న రిపేరుతో పోయేది గేర్ బాక్సు ఖర్చు దాకా పోతుంది. ఎలక్ట్రిక్ కార్లలో చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, తిరిగిన మోటారు కరెంటు పుట్టిస్తుంది, అది లోపలి సర్క్యూట్లను కాల్చేయగలదు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోయే బండ్లకూ ముప్పే. ఇలాంటి బండిని పూర్తిగా పైకెక్కించుకునే వ్యాను మీదే తేవాలి. కారుతో ఇచ్చిన పుస్తకంలో టోయింగ్ అని ఒక పేజీ ఉంటుంది. ఆ ఒక్క పేజీ ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి.

వరద బండ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచెత్తినప్పుడు కార్లు నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తీసిన తర్వాత చాలామంది చేసిన మొదటి పని తాడు కట్టి, గేరులో వేసి, లాగి స్టార్ట్ చేయబోవడం. ఇంజన్ లోపలికి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. ముందు బండి బలంతో లాగితే లోపల కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, విరుగుతుంది. విప్పి ఆరబెట్టి నూనెలు మార్చితే బతికే ఇంజన్లు అలా చచ్చిపోయాయి. నీట మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, తోయొద్దు, గేరులో లాగొద్దు.

జాతీయ రహదారి మీద ఉన్నప్పుడు 1033కి ఫోను చేయాలని ఎంతమందికి తెలుసు? అది జాతీయ రహదారుల సంస్థ నంబరు, పగలూ రాత్రీ పలుకుతుంది. టోలు వసూలు చేసే కంపెనీ అంబులెన్సుతో పాటు క్రేను, పెట్రోలింగ్ బండి నడపాలని ఒప్పందాల్లోనే ఉంటుంది. మనం కట్టే టోలులో అది కలిసే ఉంది. క్రేను వచ్చి బండిని దారికి అడ్డం లేకుండా తీసేసినా సగం ప్రమాదం తప్పినట్టే. ఇదే సంగతి నేను చెబితే, ఇన్నేళ్లుగా ఈ రోడ్డు మీద తిరిగేవాళ్లు కూడా ఆ నంబరు అంబులెన్సుకే అనుకున్నామని అంటారు.

ఇన్సూరెన్సు విషయంలో రెండు ముక్కలు. సొంత కారు ప్రామాణిక పాలసీలో ప్రమాదం తర్వాత బండిని దగ్గరలోని రిపేరు షాపుకు చేర్చే ఖర్చుకు పాత మోటార్ టారిఫ్ కాలం నుంచి 1,500 రూపాయల పరిమితి ఉంది. ఊరికే చెడిపోయి ఆగితే అది వర్తించదు, దానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని వేరుగా తీసుకోవాలి. రెండోది లారీ, టాక్సీవాళ్ల కోసం. వాణిజ్య వాహనాల ప్రామాణిక పాలసీలో చెడిపోయిన ఒక బండిని లాగేటప్పుడు ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి రక్షణ కొనసాగుతుంది. షరతు ఏమిటంటే డబ్బు తీసుకుని లాగకూడదు. లాగబడే బండికి జరిగే నష్టం అందులో రాదు. లారీ డ్రైవర్‌కు ఐదొందలు చేతిలో పెట్టి లాగించుకునేవాళ్లు తెలియకుండానే అతని పాలసీని చిక్కుల్లో పెడుతున్నారు. సాయం అడగండి, కృతజ్ఞత ఇంకో రకంగా చూపించండి.

జరిమానా సంగతి చూస్తే, 2019 సవరణలో చేర్చిన 177ఏ సెక్షన్ ప్రకారం డ్రైవింగ్ నిబంధనలు మీరితే 500 నుంచి 1,000 రూపాయలు. 201వ సెక్షన్ ప్రకారం బండి రోడ్డుకు అడ్డంగా వదిలేస్తే 500 దాకా. దారి మధ్యలో బండి ఆగిన మనిషి ఈ రెండింటి మధ్యా ఇరుక్కుంటాడు. అతని దగ్గర జరిమానా వసూలు చేయడం వల్ల తాడు బిగుసుకోదు, పలక పుట్టుకురాదు. ఆ సమయంలో పోలీసు ఆగి, వెనక కూర్చున్నదెవరో చూసి, లైసెన్సున్న మనిషిని అక్కడికి మార్చి, ఎర్ర గుడ్డ కట్టించి పంపితే నూరు చలానాల పని చేసినట్టు.

నేర్పాల్సిన చోటు డ్రైవింగ్ స్కూలు. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం సొంత కారు నేర్చుకునేవాళ్లకు కనీసం 21 రోజుల శిక్షణలో పది గంటలు బండి నడిపించాలి. ఆ పది గంటల్లో పది నిమిషాలు దీనికి ఇవ్వాలి. ఖాళీ మైదానంలో ఇంజన్ ఆపి, ఇంకో బండి వెనక తాడు కట్టి, వంద మీటర్లు రప్పించాలి. గట్టిపడిన బ్రేకు ఎలా ఉంటుందో కాలికి ఒక్కసారి తెలిస్తే మనిషి జన్మలో మరిచిపోడు. మా షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదటి వారంలోనే ఇది చేయిస్తాను. ముందు కూర్చోబెట్టను, వెనకే కూర్చోబెడతాను. మా దగ్గర కుర్రాడు చేయగలిగింది డ్రైవింగ్ స్కూలులో ఫీజు కట్టినవాడు చేయలేడా? లెర్నింగ్ లైసెన్సు పరీక్షలో ఎర్ర లైటు, జీబ్రా గీతల ప్రశ్నల పక్కన టోయింగ్ మీద ఒక్క ప్రశ్న తప్పనిసరి చేయాలి. లైసెన్సున్న మనిషి వెనక కూర్చోవాలని 1989 నిబంధన అడిగింది. ఆ లైసెన్సు ఇచ్చేవాళ్లు ఈ పని నేర్పకపోతే ఆ షరతు కాగితం మీదే ఉండిపోతుంది.

కార్ల కంపెనీలు ఎర్ర త్రిభుజం ఇస్తున్నాయి. దాని పక్కన ఒక టోయింగ్ పట్టీ, మడత పెట్టుకునే 'ఆన్ టో' పలక ఇవ్వడం పది లక్షల బండి అమ్మేవాళ్లకు పెద్ద ఖర్చు కాదు. ఆ పలక రాత్రి లైటు పడితే మెరిసేదిగా ఉండాలి. కాగితం మీద మార్కరుతో రాసింది చీకట్లో ఎవరికీ కనిపించదు.

ఇవన్నీ జరగడానికి టైం పడుతుంది, తెలుసు. ఒక్క పని వెంటనే చేయవచ్చు. ఏటా సంక్రాంతికి ముందు ఈ దారిలో పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు బారులు తీరి నిలబడతాయి. వేడెక్కి ఆగేవి, క్లచ్ కాలి ఆగేవి ఆ రోజుల్లోనే ఎక్కువ. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్ల దగ్గర జనం ఎలాగూ ఆగి ఉంటారు, కళ్ల ఎదుట ఉన్నది చదువుతారు. అక్కడ పెద్ద తెలుగు అక్షరాలతో బోర్డు పెట్టాలి: బండి ఆగితే 1033, తాడు కడితే తర్వాతి సర్వీసు రోడ్డు వరకే, ఐదు మీటర్లు, 24 కిలోమీటర్లు, వెనక బండిలో లైసెన్సున్న డ్రైవర్ ఒక్కరే. రహదారుల సంస్థ అధికారులు ఈ సంక్రాంతి లోపు ఆ బోర్డులు పెట్టించాలని కోరుతున్నాను. రాయించే ఖర్చు భారమైతే మెకానిక్‌లమంతా కలిసి పెట్టుకుంటాం, పాతడానికి అనుమతి ఇస్తే చాలు.